అంట్ల తాత చాకు

ఆ వీధిలో అతన్ని అందరూ బైండరనే పిలిచేవాళ్ళు. చిరిగిపోయిన పుస్తకం తెచ్చిస్తే విప్పి, కుట్టి, కొత్త అట్ట వేసి, పెళ్ళికొడుకులా తయారుచేసి ఇచ్చేవాడు. ఇల్లు చిన్నది. ముందు గది దుకాణం, నడిమి గది పడక, దాని వెనక వంటిల్లు, ఆ వెనక కాస్త పెరడు. యాభై రెండేళ్ళ మనిషి. సిగరెట్టు లేదు, పేకాట లేదు, నలుగురిలో కూర్చుని కబుర్లాడే అలవాటూ లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. చాకులు.

జేబులో ఇమిడే పాతకాలపు మడత చాకులు. అతని దగ్గర ముప్ఫై ఒకటి ఉండేవి. కొమ్ము పిడివి, ఎముక పిడివి, ఇత్తడి రేకు తాపడం చేసినవి. పండు కోసుకునేది ఒకటి, పెన్సిలు చెక్కుకునేది ఒకటి, పడవవాళ్ళు తాళ్ళు కోసుకునేది ఒకటి. ఆదివారం పొద్దున్నే దుకాణం బల్ల మీద పాత దుప్పటి ముక్క పరిచి, వాటిని వరసగా పేర్చి, ఒక్కోదాన్నీ తెరిచి ఇరుసులో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసేవాడు. ఎక్కువైతే దుమ్ము పడుతుంది, తక్కువైతే తుప్పు పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, మూసేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. టక్. ఆ చప్పుడు స్పష్టంగా వినిపిస్తే మొహం విచ్చుకునేది. రోజుకొక చాకు చొప్పున జేబులో వేసుకుని తిరిగేవాడు.

"నాకు జలుబు చేసి మూడు రోజులైనా కనిపించదు గానీ, ఆ ఎముక పిడి చాకు కాస్త బిగుసుకుంటే ఈయనకి అన్నం సహించదు," అనేది భార్య. మాటలో విసురే తప్ప కోపం ఉండేది కాదు.

ఆ ఇంట్లో మూడో మనిషి ఆమె తమ్ముడు. పెళ్ళాంతో పడక, "రెండు రోజులుండి పోతానక్కా" అని సంచీతో వచ్చి రెండు నెలలైంది. దుకాణంలో జిగురు కలపడం, అట్టలు కత్తిరించడం నేర్చుకున్నాడు. పనికి వంక పెట్టడానికి లేదు. కానీ బావ చాకులు తుడుచుకుంటుంటే గుమ్మం పట్టుకుని నిలబడి చూసేవాడు. ఒకరోజు, "వీటిని కొనేవాళ్ళు కూడా ఉంటారా బావా?" అని అడిగాడు.

ఊరికే అడిగి ఉంటాడు. ఆ మాట మాత్రం బైండరు మనసులో ముల్లులా దిగబడింది. మర్నాటి నుంచి చాకుల సొరుగుకి తాళం వేయడం మొదలుపెట్టాడు. ఇంట్లో అయినవాడు తిరుగుతుండగా తాళం బిగించడమంటే, దొంగా అని పిలవకుండా పిలవడమే. బావమరిది చూశాడు. ఏమీ అనలేదు. ఆ అనకపోవడం కూడా బైండరుకి అనుమానంగానే తోచింది.

ముప్ఫై రెండో చాకు మొక్కల తోట నుంచి వచ్చింది.

ఊరి చివర మొక్కలు పెంచి అమ్మే తోట ఒకటి ఉంది. అందులో ఒక ముసలాయన ఉండేవాడు. ఒక చెట్టు కొమ్మ కోసి ఇంకో చెట్టుకి అంటు కట్టడంలో అతన్ని మించినవాడు లేడని పేరు. అందుకే అంట్ల తాత అనేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలితో తోటలోనే బతికాడు. చలికాలం వెళ్తూ వెళ్తూ తాతనీ తీసుకెళ్ళింది. అతని సామానంతా ఇచ్చేస్తున్నారని విని బైండరు వెళ్ళాడు.

చెల్లెలు వాకిట్లో కూర్చుని విత్తనాలు ఏరుతోంది. డెబ్బై దాటిన మనిషి. చాకు మాట ఎత్తగానే లోపలికి వెళ్ళి, ఒక రేకు డబ్బాలోంచి తీసి అతని చేతిలో పెట్టింది. నల్ల కొమ్ము పిడి. బొటనవేలు ఆనేచోట అరిగి గుంట పడింది. పిడి చివర గోరంత ఎముక ముక్క, బెరడు కింద దూర్చి లేపడానికి. ఎండిన చెట్టుజిగురు పట్టేసి చాకు తెరుచుకోవడం లేదు.

"ఏమివ్వమంటారమ్మా?"

"ఏమీ వద్దు నాయనా." ఆమె అతన్ని తేరిపార చూసింది. "మీ ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం."

"కలిసే ఉంటారా?"

"ఒక్క ఇంట్లోనేనమ్మా."

"నేనడిగింది అది కాదు," అని ఆమె మళ్ళీ విత్తనాల మీదికి వంగింది.

బైండరు చాకు జేబులో వేసుకుని వచ్చేశాడు.

దాన్ని బాగుచేయడానికి నాలుగు రోజులు పట్టింది. కిరసనాయిల్లో నానబెట్టాడు. గోరువెచ్చటి నీళ్ళతో, అరిగిపోయిన పళ్ళబ్రష్షుతో సందుల్లోని జిగురంతా తోమాడు. సన్నటి సానరాయి మీద నీళ్ళు చిలకరించి, ఓపిగ్గా పదును పెట్టాడు. అంటు చాకుకి ఒక పక్కనే వాలు ఉంటుంది, రెండో పక్క అద్దంలా చదునుగా ఉండాలి. చివరికి తోలుపట్టీ మీద లాగి, ముంజేతి మీద ఆనించాడు. వెంట్రుకలు తెగినట్టు కూడా తెలియలేదు, రాలిపోయాయి. సంబరంగా చెవి దగ్గర పెట్టుకుని మూశాడు. ఈ చాకు టక్‌మనలేదు. ఎవరో నిట్టూర్చినట్టు మెత్తగా మూసుకుంది.

"ఏవండీ, పచ్చికొమ్మ విరిచిన వాసన వస్తోందేమిటి?" అంది భార్య వంటింట్లోంచి వస్తూ.

చుట్టూ చూశాడు. ఆ గదిలో కాగితాలూ అట్టలూ తప్ప ఏమీ లేవు.

*

ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒంటిగంట నుంచి మూడింటిదాకా దుకాణం తలుపు దగ్గరగా వేసి అందరూ ఓ కునుకు తీస్తారు. మర్నాడు కునుకు తీసి లేచిన భార్య, పెరట్లో ఊడుద్దామని చీపురు కోసం వెళ్ళి, అక్కణ్ణుంచే పిలిచింది.

"మీరిద్దరూ ఒకసారి ఇటు రండి."

కర్ర చీపురు గోడకి ఆనించి ఉంది. ఎప్పటికంటే పొడుగ్గా ఉంది. దాని కర్రని సగానికి ఏటవాలుగా కోసి, అంతే ఏటవాలుగా కోసిన గొడుగు కర్రని దానికి చేర్చి, తడి నారతో దగ్గరదగ్గరగా చుట్టి, పైన మైనం పూశారు. ఒక చివర చీపురు, ఇంకో చివర గొడుగు.

"బాగుంది. ఊడుస్తుంటే వానొచ్చినా తడవక్కర్లేదు," అని భార్య నవ్వింది.

బైండరు నవ్వలేదు. వేలితో ఆ అతుకుని తడిమాడు. వెంట్రుక దూరే సందు లేదు. ఎండిన కర్రని అంత నునుపుగా కోయగల చాకు ఆ ఇంట్లో ఒక్కటే ఉంది. అది తాళం వేసిన సొరుగులో ఉంది. తాళంచెవి తన జేబులో ఉంది.

"ఏరా, ఏం సరదా ఇది?" అన్నాడు బావమరిదితో.

"నేను కాదు బావా."

"అయితే నేనా? మీ అక్కా?"

"నేను పడుకున్నాను. నాకు తెలీదు."

ఆ సాయంత్రం భార్య గొంతు తగ్గించి మొగుణ్ణి అడిగింది. "వాణ్ణి అన్నారు గానీ... దారానికి మైనం రాసి చుట్టే పని ఈ ఇంట్లో ఎవరిదండీ? మీకేమన్నా మనసు బాగాలేదా?"

అతను తెల్లబోయాడు. తను బావమరిదిని చూసే చూపుతోనే భార్య తనని చూస్తోంది.

అప్పటి నుంచి అంటు చాకుని సొరుగులో పెట్టడం మానేసి జేబులోనే ఉంచుకున్నాడు. పడుకున్నా లేచినా ఒంటి మీదే. ఇక ఎవడు తీస్తాడో చూద్దామనుకున్నాడు. రెండు రోజులు ఏమీ జరగలేదు. మూడో రోజు మధ్యాహ్నం లేచేసరికి దుకాణంలో కుర్చీ కాలూ, స్టూలు కాలూ ఒక్కటైపోయి ఉన్నాయి. అదే ఏటవాలు కోత, అదే తడి నార, అదే మైనం. చాకు జేబులోనే ఉంది. బావమరిది పనిలోకి దిగి, తల ఎత్తకుండా జిగురు కలుపుతున్నాడు.

'దొరికావురా,' అనుకున్నాడు బైండరు మనసులో. నేను నిద్రపోయాక జేబులోంచి తీసి, పనయ్యాక మళ్ళీ పెట్టేస్తున్నావు. నాకు పిచ్చి అని మీ అక్కని నమ్మిస్తావు. ఇల్లూ దుకాణమూ నీ చేతికొస్తాయి. అంతేగా.

కుర్చీని పట్టుకెళ్ళి పెరట్లో పడేశాడు. పడేసి వెనక్కి తిరుగుతుంటే, మూలనున్న చీపురూ గొడుగూ కంటపడ్డాయి. దగ్గరికెళ్ళి వంగి చూశాడు.

అతుకు దగ్గర, నార సందులోంచి... ఒక చిగురు. లేతాకుపచ్చగా, బియ్యపుగింజంత.

ఆ గొడుగు బైండరు వాళ్ళ నాన్న నాటిది. ఆ కర్ర చెట్టు మీదినుంచి దిగి నలభై ఏళ్ళైనా అయి ఉంటుంది. బావమరిదే ఏదో రెమ్మ గుచ్చాడనుకుని పట్టి లాగాడు. ఊడి రాలేదు. గట్టిగా లాగితే తెగింది. తెగినచోట నీరు ఊరింది.

చెయ్యి పంచెకి తుడుచుకుని లోపలికి వచ్చేశాడు. ఎవరికీ చెప్పలేదు.

*

మర్నాడు పొద్దుటి నుంచీ వాన. మధ్యాహ్నానికి కరెంటు పోయింది. మబ్బుకి ఇల్లంతా నీళ్ళలో మునిగినట్టు మసకగా ఉంది. భోజనం చేసి, "పుస్తకాలిచ్చి వస్తాను, గంట పడుతుంది," అని అందరికీ వినబడేలా చెప్పి బైండరు వీధిలోకి వెళ్ళాడు. సందు చివరిదాకా వెళ్ళి, చుట్టూ తిరిగి, పెరటి తలుపు మెల్లగా తోసుకుని వంటింట్లోంచి లోపలికి వచ్చాడు. నడిమి గదిలో భార్య చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఊపిరి నెమ్మదిగా తీస్తోంది. అడుగులో అడుగేసుకుంటూ ఆమెని దాటి దుకాణంలోకి వెళ్ళి, కాగితపు దొంతర్ల వెనక కూర్చున్నాడు. జేబులో చాకు మీద చెయ్యి వేసుకున్నాడు.

బావమరిది రోజూ పడుకునేది బల్ల కింద. ముసుగు తన్ని పడుకున్న ఆకారం కనిపిస్తోంది. కదలడం లేదు. రేకుల మీద వాన చప్పుడు. జిగురు గిన్నెలోంచి పులిసిన వాసన. కళ్ళు మండుతున్నా రెప్ప వేయకుండా చూస్తూ కూర్చున్నాడు. లేస్తాడు. ఇప్పుడు కాకపోతే ఇంకాసేపటికి లేస్తాడు.

"బావా."

గొంతు బల్ల కిందినుంచి రాలేదు. వెనకనుంచి వచ్చింది. తలుపు మూలన, గోడకి అతుక్కుని, మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉన్నాడు బావమరిది. బల్ల కిందున్నది దిండ్లకి కప్పిన దుప్పటి.

"ఏం చేస్తున్నావురా అక్కడ?" అన్నాడు గుసగుసగా.

"మిమ్మల్ని కాపలా కాస్తున్నాను. బయటికెళ్తానన్నా నమ్మలేదు. ఇదంతా మీరే చేస్తున్నారనుకున్నాను బావా. రోజూ నిద్ర నటిస్తున్నాను. నిన్న మీరు కదలకుండా పడుకునే ఉన్నారు... నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. కానీ కుర్చీ..."

"కుర్చీ?"

"చప్పుడు వినిపించింది. కోస్తున్న చప్పుడు. లేచి చూసే ధైర్యం లేకపోయింది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు నెలల్లో మొదటిసారి. వీడు కాదు. నేనూ కాదు. బైండరు ఆ మాట పైకి అనలేదు గానీ, అది ఇద్దరి మధ్యా వచ్చి కూర్చుంది.

అప్పుడు వాన కాస్త సన్నగిల్లింది.

జేబులో, అతని అరచేతి కింద... చాకు వెచ్చబడింది.

నడిమి గదిలోంచి పచ్చి వాసన వచ్చింది. లేత కొమ్మని విరిస్తే వచ్చే వాసన. దాని వెనకే ఒక చప్పుడు. స్... అని సన్నగా. ఆగింది. మళ్ళీ స్... ఆ తర్వాత ఎవరో పెదవులు ముడిచి, మెల్లగా, శ్రద్ధగా ఊదుతున్న చప్పుడు. పని మీద రాలిన పొట్టు ఊదేసుకుంటున్నట్టు.

"అక్క..." అన్నాడు బావమరిది.

బైండరు చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుతోనే లేచి, ఇద్దరూ గుమ్మందాకా వెళ్ళారు.

గది మసకచీకటిగా ఉంది. చాప మీద ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. ఎడమ చెయ్యి పక్కకి చాపి ఉంది. ఆ చేతి పక్కన నేల మీద, ఎవరో గొంతుక్కూచుని లేచినట్టు, రెండు తడి పాదాల గుర్తులు. మడమలు ఆనలేదు. వేళ్ళు మాత్రమే. వాళ్ళు చూస్తుండగానే ఆ తడి ఆరిపోయింది.

"ఇదిగో... ఇటు చూడు," అన్నాడు బైండరు.

ఆమె కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"కదలొద్దన్నాడు..."

"ఎవరు?"

"అతుక్కునేదాకా... కదలకూడదట."

బావమరిది కిటికీ తలుపు బార్లా తోశాడు. మబ్బు వెలుగు ఆమె చేతి మీద పడింది. మణికట్టు చుట్టూ తడి నార, దగ్గరదగ్గరగా పది పన్నెండు చుట్లు. పైన మైనం. బైండరు ఆ చేతికి అటూ ఇటూ తడిమాడు, దేనికి కట్టాడోనని. దేనికీ కట్టలేదు. ఒట్టి కట్టే. ఆమె చెయ్యి ఆమెకే ఉంది.

"ఏమీ లేదు బావా, వట్టి కట్టే," అన్నాడు బావమరిది, ఏడుపూ నవ్వూ కలిసిపోయి. "విప్పేద్దాం."

గోళ్ళకి రాలేదు. దుకాణంలోని అట్టలు కోసే కత్తి తెస్తే దానికీ తెగలేదు. చివరికి బైండరు జేబులోంచి అంటు చాకు తీసి తెరిచాడు. అప్పటిదాకా మూసి ఉన్న చాకే, అయినా బ్లేడంతా తడిగా ఉంది. నీళ్ళలాంటి జిగురు దాని మీంచి బొటబొటా కారింది. నార కింద కొస దూర్చి లేపితే దారప్పోగులా తెగిపోయింది.

కింద చర్మం మీద సన్నటి గీత. ఏటవాలుగా, మణికట్టు చుట్టూ ఒక పూర్తి చుట్టు. నెత్తురు లేదు. వాపు లేదు.

ఆమె అప్పుడు కళ్ళు తెరిచింది. ఇద్దర్నీ చూసి, "అప్పుడే మూడైందా?" అంది.

*

సాయంత్రమే ఆమెని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ చెయ్యి తిప్పి చూసి, వేళ్ళు ముడవమంది, చాచమంది. "పాత మచ్చమ్మా ఇది. ఎప్పుడో చిన్నప్పటి దెబ్బ. పూర్తిగా మానిపోయింది," అని తర్వాతి మనిషిని పిలిచింది. తనకి చిన్నప్పుడు ఏ దెబ్బా తగల్లేదని ఆమె అనబోయింది. తమ్ముడు భుజం మీద చెయ్యి వేసి లేవదీశాడు.

మర్నాడు పొద్దున్నే బైండరు మొక్కల తోటకి వెళ్ళాడు. ముసలమ్మ అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. చాకు తీసుకుని వేలితో అంచు చూసింది.

"పదును పెట్టావు."

"పెట్టానమ్మా. ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే పెట్టకుండా ఉంటావా, నీలాంటివాడివి?"

ఆమె చాకు మడిచింది.

"విడివిడిగా ఉన్నవాటిని చూస్తే మా అన్న చేతులు ఊరుకునేవి కావు," అంది ఆమె. "కట్టినవి బతికాయా?"

"కర్రకి చిగురొచ్చింది."

ముసలమ్మ మొహంలో గర్వంలాంటిది ఒకటి కదిలి పోయింది. "మా అన్న కట్టింది ఎండిపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు," అని, చాకుని సున్నపు తొట్టిలో పడేసి, మూత పెట్టి, పైన బండరాయి ఎత్తిపెట్టింది.

ఇంటికొచ్చి చీపురూ గొడుగూ కుర్చీ స్టూలూ అన్నీ తగలబెట్టాడు. చాలా పొగ వచ్చింది, పచ్చికట్టెలు కాల్చినట్టు. తర్వాత చాకుల సొరుగు తాళం తీసి, తాళాన్ని పెరటి గోడ అవతలికి విసిరేశాడు. బావమరిది జిగురు కలుపుతూ చూశాడు.

"నిన్ను చాలా తప్పుగా అనుకున్నానురా," అన్నాడు బైండరు.

"నేను మాత్రం తక్కువ అనుకున్నానా బావా," అన్నాడు వాడు.

ఆ వారమంతా ప్రశాంతంగా గడిచింది. ఆమె వండుతోంది, ఊడుస్తోంది, మొగుడి మీద ఎప్పట్లాగే విసుర్లు విసురుతోంది. బావమరిది పెళ్ళానికి ఉత్తరం రాశాడు. వానలు వెనకబట్టి ఎండ కాసింది.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె పడుకుంది. ఆ వానరోజు నుంచి ఆమె పడుకున్నంతసేపూ బైండరు పక్కనే కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. నిద్రలో ఆమె ఎడమ చెయ్యి అతని ఒళ్ళో పడింది. ముద్దుగా పట్టుకున్నాడు. గీత దాదాపు కనిపించడం లేదు. ముంజేతి మీద, గీతకి పైన వేలు పెట్టి చూశాడు. నాడి కొట్టుకుంటోంది. నిద్రపోయే మనిషి నాడి, నిదానంగా, సమంగా. అతని మనసు కుదుటపడింది.

వేలు కిందికి జరిపాడు. గీత దాటి, అరచేయి మొదట్లో, బొటనవేలి మట్టు దగ్గర ఆనించాడు.

అక్కడా కొట్టుకుంటోంది.

తర్వాత రెండో చేతి వేలు తెచ్చి గీతకి పైన పెట్టాడు. ఒక వేలు పైన. ఒక వేలు కింద. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాడు. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

పైన రెండుసార్లు కొట్టుకుంటే... కింద ఒక్కసారి.